పసుపు గులాబీకి మూలమైన అడవి మొక్క

సంపాదకులకు నమస్కారం.

గులాబీల గురించి ఎప్పుడు రాసినా హైబ్రిడ్ రకాలే వేస్తారు, వాటికి ఆ నిండు పసుపు ఎక్కడిదో ఎవరూ చెప్పరు. పశ్చిమాసియా కొండల్లో పెరిగే రోజా ఫెటిడా అనే అడవి గులాబీ ఇచ్చిందది. ఫ్రాన్స్‌లోని లియోన్‌కు చెందిన గులాబీల పెంపకందారు పెర్నె-డ్యుషే దాని ముద్దపూల రకంతో సంకరం చేసి 1900లో 'సొలేయ్ దోర్' అనే కొత్త గులాబీని తెచ్చాడు, ఇప్పటి పసుపు, నారింజ గులాబీల్లో చాలావాటి వంశం అక్కడికే పోతుంది. ఈ అడవి గులాబీ పూసేది ఏడాదికి ఒక్కసారే, వాసన అందరికీ నచ్చదు, ఆకులకు నల్లమచ్చ తెగులు కూడా తొందరగా పడుతుంది, నిజమే. అయినా అయిదు రేకుల పూలతో కొమ్మంతా విరగబూస్తే ఆ పసుపుకు సాటి లేదు! చలి వాతావరణం ఉన్నవాళ్లు ఎండా గాలీ తగిలే చోట, గుబురుగా పెరిగేంత జాగా ఇచ్చి పెంచండి. గట్టిగా కత్తిరించొద్దు, పాత కొమ్మల మీదే పూస్తుంది. దయచేసి దీని గురించి ఒక మంచి వ్యాసం వేయండి.

– ఒక పాఠకురాలు