పొయ్యి పంచిన ఏడాది తర్వాత కూడా చూడాలి

సంపాదకులకు నమస్కారం.

పట్టణాల పేదవాడలలో పొగ తక్కువగా వచ్చే మెరుగైన పొయ్యిలను ప్రోత్సహించే కార్యక్రమాలు ఎన్నో దేశాలలో ఏళ్లుగా సాగుతున్నాయి. ఆ పని జరిగి తీరాలని నమ్మే మనిషిగానే, దాని ఫలితాన్ని లెక్కగట్టే తీరు మారాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఎన్ని పొయ్యిలు పంచారో చెప్పే లెక్క సులువుగా దొరుకుతుంది; ఏడాది గడిచాక వాటిలో ఎన్ని వెలుగుతున్నాయో చెప్పే లెక్క మాత్రం అరుదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం, ఇళ్లలోని పొగ కాలుష్యం వల్ల 2020లో దాదాపు 32 లక్షల మంది మరణించారు. వారిలో 2.37 లక్షల మందికి పైగా అయిదేళ్లు నిండని పిల్లలే.

పట్టణపు ఇరుకుగదిలో ఈ పొగకు దారి ఉండదు. వండేదీ, పిల్లలు పడుకునేదీ అదే గది. అద్దె ఇంటి కప్పుకు కన్నం పెట్టి పొగగొట్టం నిలబెడతామంటే యజమాని ఒప్పుకోవడం కష్టం. ఒప్పుకున్నా, గోడకు గోడ ఆనుకుని ఉన్న వాడలో ఆ పొగ పక్కింటి కిటికీలోకే పోతుంది. బొగ్గుల కుంపటికి పొగ అంతగా కనిపించదు కాబట్టి అది క్షేమమనుకునేవారు చాలామంది. కానీ దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. తలుపులు మూసిన గదిలో అది నిద్రలోనే ప్రాణం తీయగలదు. ఈ ఒక్క హెచ్చరికైనా ప్రతి పొయ్యితోపాటు ఇంటికి చేరాలి.

ఇచ్చిన పొయ్యి మూలన పడడానికి కారణాలు దగ్గరికి వెళ్లి చూస్తేనే తెలుస్తాయి. దాని నోరు చిన్నదైతే, కట్టెను సన్నగా చీల్చితే గాని లోపలికి పోదు. పనికి వెళ్లవలసిన మనిషికి తెల్లవారుజామున అంత తీరిక ఎక్కడిది? పెద్ద గిన్నె పెడితే ఒరుగుతుంది, గరిటె గట్టిగా తిప్పితే కదులుతుంది. కొన్నాళ్లకు లోపలి మట్టి పూత బీటలు వారితే బాగుచేసేవారు దొరకరు. అప్పుడు పాత పొయ్యి మళ్లీ వెలుగుతుంది. దానికి ఆ ఇల్లాలి అవగాహన లోపమే కారణమనడం అన్యాయం.

పొయ్యి మార్చినంత మాత్రాన ఆరోగ్యం బాగుపడుతుందనీ చెప్పలేము. మలావీ పల్లెలలో అయిదేళ్లలోపు పిల్లలు పదివేల మందికి పైగా ఉన్న ఇళ్లలో ఫ్యాను అమర్చిన మెరుగైన పొయ్యిలను పరీక్షించగా, పిల్లల న్యుమోనియా తగ్గలేదని 2016లో వెలువడిన ఫలితాలు చూపాయి. ఇంట్లో పొగ తగ్గినా, చుట్టుపక్కల పొయ్యిల నుంచి, చెత్త మంటల నుంచి వచ్చే పొగను పిల్లలు పీలుస్తూనే ఉంటారు. ఒకరిద్దరికి కాక వాడ మొత్తానికి ఒకేసారి మార్పు రావాలనడం అందుకే. గ్యాసు, విద్యుత్తు అందుబాటులోకి తేగలిగిన చోట కట్టె పొయ్యితో సరిపెట్టడం కూడా తగదు.

అయితే నిలదొక్కుకున్న పొయ్యిలూ ఉన్నాయి. కెన్యాలో 1980లలో వచ్చిన, రేకు చట్రం లోపల కాల్చిన మట్టి గిన్నె అమర్చిన బొగ్గు పొయ్యి అలాంటిదే. అక్కడి చేతివృత్తులవారే దాన్ని తయారుచేశారు, బజారులో అమ్మారు. బొగ్గు ఆదా కావడం వల్ల జనం తమ డబ్బుతో కొనుక్కున్నారు. వంటచెరకును ఏ రోజుకారోజు కొనుక్కునే కుటుంబానికి ఆ ఆదా వెంటనే చేతికి తెలుస్తుంది. అయినా పొయ్యి ధర ఒకేసారి చెల్లించలేరు కాబట్టి వాయిదాల వెసులుబాటు తప్పనిసరి.

అందుచేత పొయ్యిని ఎంపిక చేసే ముందు కొన్ని వారాలపాటు ఆ వాడలోని స్త్రీల చేతనే దానిపై వండించి, వారు వద్దన్నదాన్ని పక్కన పెట్టాలి. బాగుచేయడం వచ్చినవారు ఆ వాడలోనే ఉండాలి. నిధులిచ్చే సంస్థలు తమ చివరి విడతను ఏడాది తర్వాత జరిగే తనిఖీతో ముడిపెట్టాలి. ఆ తనిఖీకి వెళ్లినవారు పొయ్యి ఉందా అని అడిగి తిరిగి రాకుండా, దాని అడుగున ఉన్న బూడిద ఇవాళ్టిదో పాతదో వంగి చూడాలి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు