అట్ట మీద 2 టీబీ, లోపల మెమరీ కార్డు

సంపాదకులు గారికి నమస్కారం.

తూనికలు కొలతల శాఖ వాళ్లు మా బరంపురం బజారులో కూరగాయల కాటాలకు ముద్ర వేస్తారు, పెట్రోలు బంకులో లీటరు కొలిచి చూస్తారు, కిలో పప్పులో యాభై గ్రాములు తగ్గితే కేసు రాస్తారు. అదే బజారులో నాలుగు కొట్లు దాటితే, అట్ట మీద 2 టీబీ, అంటే సుమారు 2000 జీబీ అని రాసి లోపల 64 జీబీ మాత్రమే పట్టే ఎస్‌ఎస్‌డీ డబ్బాని (ఫోన్‌కో కంప్యూటర్‌కో తగిలించి వీడియోలు, ఫైళ్లు దాచుకునే డ్రైవ్‌ని) వెయ్యి రూపాయల లోపు అమ్ముతుంటే మాత్రం అడిగే నాథుడు లేడు. దీని గురించే ఈ ఉత్తరం.

నేను పెళ్లిళ్లకు, ఊరేగింపులకు వీడియోలు తీస్తాను. ఇటు ఇచ్ఛాపురం, సోంపేట నుంచి అటు పర్లాకిమిడి, గుణుపురం దాకా మాకు పనులుంటాయి. ఈమధ్య పెద్ద కెమెరాలు కొనలేని కుర్రాళ్లు చాలామంది ఫోన్‌తోనే ఈ పనిలోకి దిగారు, బాగానే తీస్తున్నారు కూడా. రెండేళ్లకోసారి వచ్చే మా ఠాకురాణి యాత్రలో వేషాలు తీసేవాళ్ల చేతుల్లో కెమెరాల కంటే ఫోన్లే ఎక్కువ. వీళ్లకి జేబులో పట్టే ఎస్‌ఎస్‌డీ డ్రైవ్ సోకు కాదు, పని సామాను. కొత్త ఫోన్లలో చాలావాటికి మెమరీ కార్డు పెట్టుకునే చోటే తీసేశారు. ఐఫోన్‌లో మామూలు పద్ధతిలో 4కే వీడియో సెకనుకు 60 ఫ్రేములతో తీస్తే నిమిషానికి సుమారు 400 ఎంబీ, అంటే గంటకు 24 జీబీ అవుతుంది. మన పెళ్లిళ్లు తెల్లవార్లూ సాగుతాయి. ఇక ప్రోరెస్‌లో, అంటే ఎడిటింగ్‌కి పనికొచ్చే పెద్ద సైజు వీడియో పద్ధతిలో తీస్తే 4కే 30 ఫ్రేములకే నిమిషానికి 6 జీబీ దాకా తినేస్తుంది, 1 టీబీ డ్రైవ్ కూడా మూడు గంటలు రాదు. 2023లో వచ్చిన ఐఫోన్ 15 ప్రో నుంచి టైప్-సి పోర్టుకి డ్రైవ్ తగిలించి ప్రోరెస్ వీడియోని నేరుగా అందులోకే రికార్డ్ చేసుకోవచ్చు, బ్లాక్‌మ్యాజిక్ కెమెరా లాంటి ఉచిత యాప్ వేసుకుంటే తక్కువ సైజు వీడియోని కూడా అలాగే తీసుకోవచ్చు. కాకపోతే ఒక చిక్కుంది, అలా నేరుగా తీసినప్పుడు ఫోన్‌లో కాపీ మిగలదు. డ్రైవ్ పోతే అంతా పోయినట్టే.

పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో మాకు తెలిసిన కుర్రాడికి అదే జరిగింది. ఒక మొబైల్ షాపులో 2 టీబీ ఎస్‌ఎస్‌డీ అని కొన్నాడు, బిల్లడిగితే "ఇది బిల్లు సరుకు కాదు బాబూ" అన్నారట. ఫోన్‌కి తగిలించాడు, 2 టీబీ ఖాళీ అని చూపించింది. ముహూర్తం రాత్రి రెండున్నరకి. తెల్లారాక కంప్యూటర్‌లో పెడితే ఫైళ్లన్నీ ఉన్నాయి, పేర్లున్నాయి, సైజులున్నాయి. ఎదురుకోలు బాగానే వచ్చింది, గౌరీపూజ వచ్చింది, జీలకర్ర బెల్లం దగ్గర్నుంచి ఏ ఫైలు నొక్కినా తెరుచుకోవడం లేదు. మాంగల్యధారణ లేని పెళ్లి వీడియో ఎవరికి కావాలండీ? పెళ్లివారు మిగతా డబ్బులివ్వలేదు సరే, అడ్వాన్సు కూడా వెనక్కి తీసుకున్నారు. వాళ్లనీ తప్పుపట్టలేం.

ఆ డబ్బా విప్పి చూశాం. బయట చల్లగా, బరువుగా అల్యూమినియం డొప్ప. లోపల వేలెడు పచ్చ బోర్డు, దానికి గుచ్చి జిగురుతో అతికించిన ఒక మైక్రో మెమరీ కార్డు, మూల రెండు ఇనప నట్లు. నట్లు ఎందుకంటే, చేతిలో పట్టుకుంటే అసలైనదిలా బరువు అనిపించాలి కదా! ఆ కార్డుని నడిపే చిప్‌కి ముందే అబద్ధం నేర్పి పంపుతారు, ఎవరడిగినా నాలో 2 టీబీ ఉందనే చెబుతుంది. నిజంగా ఉన్న చోటు నిండాక కొన్ని డ్రైవ్‌లు పాత ఫైలు మీదే కొత్తది రాసేస్తాయి, కొన్ని రాసినట్టు నటించి వదిలేస్తాయి. ఏదైనా సరే, రికార్డింగ్ మాత్రం ఆగదు, హెచ్చరికా రాదు.

ఇక్కడో మాట చెప్పాలి. 1 టీబీ డ్రైవ్ విండోస్ కంప్యూటర్‌లో 931 జీబీ చూపిస్తే అది మోసం కాదు, కంపెనీలు లెక్కపెట్టే తీరు వేరు, విండోస్ లెక్కపెట్టే తీరు వేరు. దాని కోసం షాపువాళ్లతో గొడవపడేవాళ్లని చూశాను, పాపం ఆ షాపువాళ్ల తప్పేం లేదు. అలాగే డ్రైవ్ అసలుదే అయినా ఫోన్‌తో వచ్చిన ఛార్జింగ్ వైరు పెడితే వేగం రాదు. ప్రోరెస్ బయటికి రికార్డ్ చేయాలంటే సెకనుకు కనీసం 220 ఎంబీ రాసే డ్రైవ్ కావాలని ఆపిలే చెబుతోంది, ఫోన్ డబ్బాలో వచ్చే వైరు యూఎస్‌బీ 2 అనే పాత, నెమ్మది రకం కాబట్టి అందులో నాలుగో వంతు కూడా దాటదు. ఇవన్నీ అమ్మేవాడు చెప్పాల్సిన సంగతులు.

నకిలీ సరుకుని పట్టుకోవడం కష్టం కాదు. కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 అని ఉచిత ప్రోగ్రాములున్నాయి. డ్రైవ్ మొత్తాన్ని నింపి, మళ్లీ చదివి, నిజంగా ఎంత పట్టిందో చెప్పేస్తాయి. మంచి డ్రైవ్ అయితే 1 టీబీకి కొన్ని గంటల పని. కానీ ఫోన్ తప్ప కంప్యూటర్ లేనివాడు ఎక్కడ చూసుకుంటాడు? ఆన్‌లైన్‌లో కొంటే వారం పది రోజుల్లో వాపసు గడువు అయిపోతుంది, డ్రైవ్ నిండేది ఆ తర్వాతే. గడువు లోపల అన్నీ బాగానే కనిపిస్తాయి. ఈ వ్యాపారం నడిచేదే ఆ తేడా మీద. అందుకే ఇలాంటి సరుకుకి వాపసు గడువు కనీసం మూడు నెలలు ఉండాలంటాను.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 256 జీబీ దాటిన యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ డ్రైవ్‌లకు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, దాని మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి, ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి పేరున ఉందో వచ్చేస్తుంది. ప్యాకెట్ సరుకుల నిబంధనలు 2011 నుంచీ ఉన్నాయి: తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, అడ్రసు, ఎమ్మార్పీ, ఫిర్యాదుకి ఫోన్ నంబరు అట్ట మీద ఉండి తీరాలి. మన బజారులో దొరికే ఈ డబ్బాల మీద వీటిలో ఒక్కటైనా ఉందేమో చూడండి. జీబీలు కొలిచే కాటా తూనికల శాఖ దగ్గర లేకపోవచ్చు, అట్ట మీద ఏముందో ఏం లేదో చూడటానికి కళ్లు చాలు కదా.

సరిహద్దులో ఉన్న మనకి ఇంకో టెన్షన్ ఉంది. కొన్నది శ్రీకాకుళం జిల్లాలో, ఉండేది ఒడిశాలో, ఎవరికి చెప్పుకోవాలి అని చాలామంది ఊరుకుంటున్నారు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు సరుకుకి ఫీజు కూడా లేదు. అంతకంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు చెప్పొచ్చు. ఒడియాలో రాయడం రాని మా పెద్దవాళ్లకి ఇది పెద్ద వెసులుబాటు, కానీ సంగతి తెలిసినవాళ్లు ఎంతమంది? ఆన్‌లైన్ కంపెనీలైతే ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పి, నెల రోజుల్లో తేల్చాలని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. బిల్లు మాత్రం అడిగి తీసుకోవాలి, అందులో ఎన్ని జీబీలో రాయించుకోవాలి.

గంజాం, గజపతి, రాయగడ జిల్లాల అధికారులు వచ్చే మాఘమాసం పెళ్లిళ్లు మొదలయ్యేలోపు మొబైల్ షాపుల మీద ఒక్కసారి తనిఖీ పెట్టాలని, రిజిస్ట్రేషన్ నంబరు లేని డ్రైవ్‌లన్నీ స్వాధీనం చేసుకోవాలని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. షాపుల సంఘాలు కూడా కొనేవాడి ఎదుటే డ్రైవ్ నింపి చూపించే ఏర్పాటు చేస్తే, ఆ కొన్ని గంటల కరెంటు ఖర్చు కావాలంటే మేమే ఇస్తాం.

ఇట్లు,
ఒక వీడియోగ్రాఫర్,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా