బల్లార్‌పూర్ తెలుగు సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. పులిహోర వండిపెట్టిన అమ్మలకు, అద్దె తీసుకోకుండా షామియానా వేసిన సోదరుడికి, కుర్చీలు మోసిన కుర్రాళ్లకు కృతజ్ఞతలు. ఈసారి వివరంగా రాయవలసింది డిసెంబర్ 22, ఆదివారం జరిపిన గణిత దినోత్సవం గురించి.

మన పిల్లలు బడిలో లెక్కలు మరాఠీలో నేర్చుకుంటారు. అక్కడ 57ని 'సత్తావన్న' అంటారు. ఏడు ముందు, యాభై తర్వాత. ఇంట్లో మనం 'యాభై ఏడు' రాయమంటే కొందరు 75 రాసేస్తున్నారు. అందుకే తెలుగు తరగతి మాస్టారు గారు ఒకే సంఖ్య పట్టుకుని నెల రోజులు సాధన చేయించారు: లక్షా నలభై రెండు వేల ఎనిమిది వందల యాభై ఏడు.

ఆరుగురు పిల్లలు 1, 4, 2, 8, 5, 7 అట్టలు మెడలో వేసుకుని గుండ్రంగా నిలబడ్డారు. రెండుతో గుణిస్తే 2,85,714. ఎవరూ చోటు మారలేదు, చదవడం మాత్రం 2 అట్ట వేసుకున్న పాప దగ్గర మొదలైంది. మూడుతో 4,28,571, నాలుగుతో 5,71,428, ఐదుతో 7,14,285, ఆరుతో 8,57,142. అన్నీ తెలుగులోనే, తప్పులేకుండా చదివారు. ఏడు అనగానే ఆరుగురూ అట్టలు తిప్పారు: 9,99,999! మండపమంతా చప్పట్లు. ఒకటిని ఏడుతో భాగిస్తే దశాంశంలో ఈ ఆరు అంకెలే తిరిగి తిరిగి వస్తాయి. భాగిస్తున్నప్పుడు 1, 3, 2, 6, 4, 5 శేషాలన్నీ వరసగా వచ్చి మళ్లీ ఒకటికే చేరతాయి. అందుకే అంకెల వలయం తెగదని మాస్టారు గారు పలకమీద చేసి చూపించారు.

1,42,857 ప్రధాన సంఖ్య కాదు. మూడును మూడుసార్లు, ఆపై 11, 13, 37తో గుణిస్తే వస్తుంది. అంకెల మొత్తం 27, దాంతో నిశ్శేషంగా భాగించబడుతుంది కనుక హర్షద్ సంఖ్య. వర్గం 20,40,81,22,449. దాన్ని 20408, 122449గా విడగొట్టి కూడితే మళ్లీ 1,42,857 వస్తుంది కనుక కాప్రేకర్ సంఖ్య కూడా. 'హర్షద్' అన్న పేరు పెట్టిందీ ఆ కాప్రేకర్ గారే. మన మహారాష్ట్రలోని డహాణూలో 1905లో పుట్టి, దేవ్‌లాలీలో బడి పంతులుగా పనిచేసిన మనిషి. ఆయన గురించి ఒక అమ్మాయి మరాఠీలో, వాళ్ల తమ్ముడు తెలుగులో మాట్లాడారు.

హాలు అనుమతికి ఒక కార్యాలయానికి నాలుగుసార్లు తిరిగాం. ప్రతిసారీ 'సాహెబ్ లేరు' అన్నారు. చివరికి గుడి మండపం ఇచ్చిన పూజారి గారికి రుణపడి ఉన్నాం. సాయానికి పేర్లిచ్చిన పదకొండు మందిలో వచ్చింది ముగ్గురే. ఇది నాకు చాలా బాధ కలిగించింది. రాలేకపోతే ముందురోజు చెప్పినా వేరేవాళ్లను పిలుచుకునేవాళ్లం.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారి దగ్గర ఉంది, చూసుకోవచ్చు. చందా బాకీలు ఈ నెలలోనే కట్టండి.

వచ్చే డిసెంబరుకు 8,57,143 అనుకుంటున్నాం. 1,42,857తో కలిస్తే సరిగ్గా పది లక్షలు. 8,57,143 కూడా కాప్రేకర్ సంఖ్యే. మాస్టారు గారికి తోడుగా ఆదివారం గంటసేపు కూర్చునే ఇద్దరు కావాలి. ఈ సభలోనే పేర్లివ్వండి.

కార్యదర్శి