బైబిలు పుస్తకాల్ని ఎవరు ఎంచారని అడిగావు కదా

ఒరేయ్,

ఎలా ఉన్నావు? మొన్న మాదాపూర్ ట్రాఫిక్‌లో ఉండి ఫోన్లో నువ్వడిగిన ప్రశ్నకి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే సికింద్రాబాద్ వచ్చాక తీరిగ్గా రాస్తున్నా.

325లో నైసియా సభలో బిషప్పులు ఓట్లేసి బైబిలు పుస్తకాల్ని ఎంచారని మీ ఆఫీసులో ఎవరో అన్నారట. చాలామంది అదే అనుకుంటారు గానీ నిజం కాదురా. అక్కడ పెద్ద గొడవ క్రీస్తు దేవుడా, దేవుడు సృష్టించినవాడా అన్నదాని మీద. పుస్తకాల జాబితా మీద ఆ సభ తీర్మానమేదీ చేయలేదు. దానికి చాలా ముందే, 180 ప్రాంతంలో, యేసు జీవితం చెప్పే సువార్తలు నాలుగే అని ఐరేనియస్ అనే బిషప్పు గట్టిగా రాశాడు. 303లో రోమా చక్రవర్తి డయొక్లీషియన్ క్రైస్తవుల లేఖనాల్ని తగలబెట్టమని ఆజ్ఞ ఇస్తే, వాటిని అప్పగించం అని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఏ సభా జాబితా ఇవ్వకముందే తమ లేఖనాలేవో వాళ్ళకి తెలుసు!

అలాగని దొరికినదల్లా నెత్తిన పెట్టుకోలేదు. రాసింది అపొస్తలులో (యేసు పంపినవాళ్ళు), వాళ్ళతో తిరిగినవాళ్ళో అయ్యుండాలి, బోధ వాళ్ళ బోధతో కలవాలి, సంఘాలన్నీ చదువుతూ ఉండాలి. హెర్మాస్ రాసిన 'కాపరి' అనే పుస్తకమంటే అప్పట్లో ఎంత ఇష్టమో! అయినా అది ఈమధ్య రాసింది, ఇంట్లో చదువుకోండి గానీ ఆరాధనలో వద్దు అంటుంది ఒక పాత జాబితా. హెబ్రీయుల పత్రిక మీద పడమటి సంఘాలకీ, ప్రకటన గ్రంథం మీద తూర్పు సంఘాలకీ చాలాకాలం సందేహాలుండేవి. కొత్త నిబంధనలో ఇప్పుడున్న 27 పుస్తకాలూ సరిగ్గా అవే ఉన్న జాబితా 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ రాసిన ఈస్టర్ ఉత్తరంలో కనిపిస్తుంది. ఇంత ఆలస్యమా అంటావేమో. తొందరపడకుండా అంత పరీక్షించారు కాబట్టి, నాకైతే ఆ ఆలస్యం చూస్తేనే నమ్మకం కుదురుతుంది.

యేసుకి ముందటి లేఖనాలైన పాత నిబంధన సంగతికొస్తే, మోషే ధర్మశాస్త్రం, ప్రవక్తలు, కీర్తనలు తన గురించే చెప్పాయని యేసే అన్నాడు. బైబిల్లో క్యాథలిక్కులకి మొత్తం 73 పుస్తకాలు, ప్రొటెస్టెంట్లమైన మాకు 66. తేడా అంతా పాత నిబంధనలోనే.

'దైవావేశం వల్ల కలిగిన లేఖనం' అని పౌలు రాసిన వాక్యం చూపించి నిన్ను ఒప్పించాలని చూడను. బైబిలుకి బైబిలే సాక్ష్యమా అంటావు, న్యాయమే. మా నమ్మకం వరస వేరు. ముందు యేసుని నమ్మాం. ఆయన లేఖనం అన్నదాన్నీ, ఆయన పంపినవాళ్ళ మాటనీ ఆయన్ని బట్టే ఒప్పుకున్నాం. ఈ వరస తిరగబడితే మిగిలేది ఉత్త వాదనే.

కన్నులారా చూసినవాళ్ళు అందించినవాటిని మొదటినుంచీ పరిశీలించి రాస్తున్నానని లూకా మొదట్లోనే చెప్తాడు. ఆ సువార్త ఒక్కటి పూర్తిగా చదువు. నా దగ్గర ఇంకో తెలుగు బైబిలుంది, ఆదివారం తెచ్చిస్తా.

నీ
స్నేహితుడు