కార్యదర్శి వార్షిక నివేదిక: 2024 ఆగస్టు నుంచి 2025 జూలై వరకు

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లమైన మన కౌబాయ్స్ అభిమానుల సంఘం నియమావళి ప్రకారం ఏటా ఆగస్టు సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక సమర్పించాలి. పోయినేడు చదవడం పూర్తయ్యేసరికి భోజనాలు చల్లారిపోయాయని ఫిర్యాదులు వచ్చాయి కాబట్టి ఈసారి ముందే రాసి పంపుతున్నాను. దయచేసి చదివి రండి. చదవకుండా వచ్చి "ఏడాదంతా ఏం చేశారండీ" అని అడిగేవాళ్లకు జవాబు చెప్పే ఓపిక కార్యవర్గంలో ఎవరికీ మిగల్లేదు.

ఇంకో మాట. ఈ నివేదికలో మనవాళ్ల పేర్లు ఉండవు. పోయినేడు కృతజ్ఞతల జాబితాలో ఒకరి పేరు ముందు, మరొకరి పేరు వెనక వచ్చిందని దసరా దాకా నడిచిన గొడవ మీకు తెలిసిందే. కౌబాయ్స్, ఆటగాళ్లకు సంబంధించిన పేర్లు తప్ప వేరే పేర్లు రాయకూడదని అక్టోబరులో తీర్మానం చేశాం.

ముందు సీజన్ సంగతి. 2024లో మన డాలస్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ 7 గెలిచి 10 ఓడారు. నవంబరు మొదట్లో అట్లాంటాలో మన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) డాక్ ప్రెస్కాట్ తొడ కండరం దెబ్బతిని మిగతా సీజన్ అంతా బయటే ఉన్నాడు. జనవరిలో కోచ్ మైక్ మెకార్తీ వెళ్లిపోయి బ్రయన్ షాటెన్‌హైమర్ వచ్చాడు. పదకొండేళ్లు కుడి గార్డుగా, అంటే క్వార్టర్‌బ్యాక్ ముందు అడ్డు నిలిచే ఐదుగురి లైన్‌లో ఒకడిగా నిలబడిన జాక్ మార్టిన్ రిటైరయ్యాడు. ఇంత నిరుత్సాహంలోనూ నవంబరు 28న మన థాంక్స్‌గివింగ్ విందుకి వచ్చినవాళ్లకి కడుపూ నిండింది, కళ్లూ నిండాయి. జెయింట్స్ మీద 27-20తో గెలిచాం. ఆ సీజన్‌లో సొంత మైదానంలో అదే తొలి గెలుపు. గోంగూర మటన్ తెచ్చిన ప్లేనో దంపతులకు, టర్కీ కోయడానికి కత్తి పట్టుకున్న ఏకైక ధైర్యవంతుడికి కృతజ్ఞతలు. గిన్నెలు ఇంకా రెండు ఇళ్లలో ఉండిపోయాయి. ఎవరివో వాళ్లు తీసుకెళ్లాలి.

వసంతంలో పిల్లల ఫ్లాగ్ ఫుట్‌బాల్ (పడగొట్టకుండా నడుముకి కట్టిన గుడ్డ లాగే ఆట) నడిచింది. దాని గురించి కింద ఒక ఫిర్యాదు ఉంది.

ఇక ఈ ఏడాది మన సంఘం గర్వంగా చెప్పుకోవలసిన కార్యక్రమం డ్రాఫ్ట్ చర్చ. డ్రాఫ్ట్ అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకోవడం. మన జట్టు ఎవరిని తీసుకోవాలన్నదే మన చర్చ. ఏప్రిల్ 19 శనివారం అర్వింగ్‌లో జరిగింది. ఏటా జరిగేదే కానీ ఏటా అది చర్చలా ఉండదు, అరుపులుగా ఉంటుంది. అందుకే ఈసారి ఉపాధ్యక్షురాలు రెండు నియమాలు పెట్టారు. మొదటిది, ఆ ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్ మొదటి రౌండులో ఒక్కో జట్టుకి ఇచ్చిన 10 నిమిషాలే ఒక్కో పక్షానికి. గంట కొట్టాక మైకు ఇచ్చేయాలి. రెండోది, ఫలానావాణ్ణి తీసుకోవాలి అని చెప్పేవాళ్లు, అలా తీసుకుంటే జట్టులో ఏ లోటు అలాగే మిగిలిపోతుందో కూడా వాళ్ల నోటితోనే చెప్పాలి. ఈ రెండో నియమం చర్చ తీరునే మార్చేసిందని నా అభిప్రాయం. ఆ కీర్తి ఆవిడకే దక్కాలి, కార్యవర్గంలో మిగతావాళ్లం ఆ రోజు కుర్చీలు వేశాం అంతే.

ఎంచుకునే వరసలో మనది 12వ స్థానం. నాలుగు పక్షాలు తేలాయి.

రిసీవర్ (విసిరిన బంతి పట్టుకునేవాడు) కావాలన్న పక్షం అందరికంటే పెద్దది. అరిజోనా విశ్వవిద్యాలయం కుర్రాడు టెటైరోవా మెక్‌మిలన్ కావాలన్నారు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. బ్రాండిన్ కుక్స్ మార్చిలో సెయింట్స్‌కి వెళ్లిపోయాడు కదా, ఇక మన మరో రిసీవర్ సీడీ ల్యాంబ్ ఒక్కడి మీదే ఇద్దరేసి కాపలా ఉంటారు, రెండోవాడు లేకపోతే డాక్ ఎవరికి విసరాలి అన్నది వాళ్ల వాదన. మెక్‌మిలన్ దొరక్కపోతే ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం నుంచి మాథ్యూ గోల్డెన్ చాలన్నారు. ఇండియానాపొలిస్ కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు ఆటగాళ్లకు పెట్టే పరీక్షలు) 40 గజాలు 4.29 సెకన్లలో పరిగెత్తిన పిల్లవాడాయన. ఆస్టిన్‌లో పిల్లల్ని చదివిస్తున్న తల్లిదండ్రులు ఈ పేరు వినగానే చప్పట్లు కొట్టారు. ఫీజులు కట్టేవాళ్ల అభిమానం వేరు.

రెండోది ఫ్రిస్కో పక్షం. ఆష్టన్ జెంటీ అక్కడి లోన్ స్టార్ హైస్కూల్లో చదివాడు. 2024లో బోయిసీ స్టేట్ విశ్వవిద్యాలయం తరఫున బంతి పట్టుకుని 2,601 గజాలు పరిగెత్తాడు. "మా అబ్బాయి వాళ్ల స్కూలు" అన్న మాట ఆ పది నిమిషాల్లో ఎన్నిసార్లు వినపడిందో లెక్కపెట్టలేదు. రెండో నియమం ప్రకారం ఏ లోటు మిగులుతుంది అని అడిగితే మాత్రం కొంచెం నీళ్లు నమిలారు. ఎందుకంటే 12 దాకా అతను మిగలడని వాళ్లకీ తెలుసు.

మూడోది మన సాఫ్ట్‌వేర్ పక్షం. వీళ్లకి ఆటగాడి పేరే లేదు, ఎక్సెల్ షీటు ఉంది. మన స్థానాన్ని వేరే జట్టుకి ఇచ్చి వరసలో కిందికి దిగి, బదులుగా ఇంకో పిక్ (ఎంచుకునే వంతు) సంపాదించాలన్నది వీళ్ల సిద్ధాంతం. దీనికి ఆధారమైన పాయింట్ల పట్టిక పుట్టింది కూడా మన జట్టులోనే. కౌబాయ్స్‌లో భాగస్వామి, వృత్తిరీత్యా ఇంజనీరు అయిన మైక్ మెక్‌కాయ్ 1990ల మొదట్లో కోచ్ జిమ్మీ జాన్సన్ కోసం దాన్ని తయారుచేశాడు. అందులో మొదటి స్థానానికి 3,000 పాయింట్లు, 12వ స్థానానికి 1,200. 2021లో మనం 10వ స్థానం ఈగిల్స్‌కి ఇచ్చి 12కి దిగి, అదనంగా మూడో రౌండులో 84వ పిక్ తీసుకున్నాం. పట్టిక ప్రకారం పోగొట్టుకున్నది 100, వచ్చింది 170. పైగా ఆ 12లో దొరికినవాడు మన డిఫెన్స్ స్టార్ మైకా పార్సన్స్. ఈ ఉదాహరణ చెప్పేసరికి హాలు కాసేపు నోరు మూసుకుంది. 2023 మొదటి రౌండులో తీసుకున్నవాడు ఆశించినంత రాణించని సంగతి ఎవరూ ఎత్తకూడదని అధ్యక్షులు ముందే హెచ్చరించారు. అయినా ఎత్తారు.

నాలుగోది లైన్ పక్షం. చిన్న పక్షం. అలబామా గార్డు టైలర్ బుకర్ కావాలన్నారు. మాట్లాడింది రాత్రి డ్యూటీ ముగించుకుని తిన్నగా హాలుకి వచ్చిన ఒక నర్సమ్మగారు. కాగితం లేదు, స్లైడ్లు లేవు. బోర్డు దగ్గరికి వెళ్లి ఐదు సున్నాలు గీసి వాటి వెనక డాక్ అని రాశారు. "అంచు నుంచి వచ్చేవాణ్ణి డాక్ ఒక్క అడుగు ముందుకేసి తప్పించుకోగలడు. నడిమధ్య నుంచి తోసుకొచ్చేవాడైతే ఆ అడుగు వేసే చోటే ఉండదు" అంటూ కుడి గార్డు సున్నాని చేత్తో చెరిపేశారు. మార్టిన్ వెళ్లాక అక్కడ ఉన్నది ఆ ఖాళీయే.

వెంటనే రిసీవర్ పక్షం లేచింది. బుకర్ 40 గజాలు 5.38 సెకన్లలో పరిగెత్తాడని, గార్డులు మూడో రౌండులోనూ దొరుకుతారని, నిరుడు సెంటర్ (లైన్ నడిమి ఆటగాడు) కూపర్ బీబీని మూడో రౌండులోనే, 73లో తెచ్చుకోలేదా అని అడిగారు. దానికి ఆవిడ, "గార్డు నలభై గజాలు ఎప్పుడు పరిగెత్తాలి తమ్ముడూ? నాలుగు గజాల్లో అతని పని అయిపోతుంది. మార్టిన్‌ని 2014లో 16వ స్థానంలో తీసుకున్నప్పుడూ ఇదే అన్నారు, అప్పుడు అందరికీ క్వార్టర్‌బ్యాక్ జానీ మాంజెల్ కావాలి" అన్నారు. ఏ లోటు మిగులుతుంది అన్న ప్రశ్నకి కూడా డొంకతిరుగుడు లేకుండా చెప్పారు. రిసీవర్ లోటు మిగులుతుంది, దాన్ని ఇంకో దారిలో పూడ్చుకోవాలి.

ఇక్కడే తెనాలి నుంచి మనవల్ని చూడటానికి వచ్చిన ఒక పెద్దాయన లేచారు. "అమ్మా, ఈ కుర్రాడు బంతి పట్టుకోడు, విసరడు, తీసుకుని పరిగెత్తడు. ఇంక వాడి కోసం ఇంత పోట్లాటేంటి?"

"ఎదుటివాణ్ణి బంతి దాకా రానివ్వకపోవడమే ఆ అబ్బాయి పని, బాబాయ్ గారూ."

"అయితే వాడికేగా జీతం ఎక్కువ ఇవ్వాల్సింది!"

ఈ మాటకి పడిన చప్పట్లు ఆ రోజు ఇంక దేనికీ పడలేదు. ఓట్లలో మాత్రం మెక్‌మిలన్ మొదట, జెంటీ తర్వాత, ఎక్సెల్ షీటు మూడో స్థానం. లైన్ పక్షం చివర. చప్పట్లు వేరు, ఓట్లు వేరు. మన సంఘం ఎన్నికల్లోనూ చూస్తున్నదే.

ఏప్రిల్ 24 గురువారం రాత్రి గ్రీన్ బేలో డ్రాఫ్ట్ మొదలైంది. మనం అదే హాల్లో తెర కట్టాం. ఆరో స్థానంలో జెంటీని రైడర్స్ పట్టుకుపోయారు. ఫ్రిస్కో వాళ్లు లేచి చప్పట్లు కొడుతూనే మొహాలు వేలాడేశారు. ఎనిమిదిలో మెక్‌మిలన్ కరోలినాకి వెళ్లాడు. సగం హాలు తల పట్టుకుంది. పదో పిక్ నడుస్తుండగా హాలు వాళ్లు టైమైపోతోందని సగం లైట్లు ఆర్పేశారు. మనం డబ్బు కట్టిన టైము ఇంకా ఉంది, రసీదు చూపించినా వినలేదు. ఆ టెన్షన్‌లో, ఆ చీకట్లోనే 12వ పిక్ వచ్చింది. టైలర్ బుకర్, గార్డ్, అలబామా. నర్సమ్మగారు ఆ రాత్రి డ్యూటీలో ఉన్నారు. ఎవరో ఫోన్ చేస్తే ఎత్తలేదు. తర్వాత గ్రూపులో ఒక్క దండం బొమ్మ పెట్టి ఊరుకున్నారు.

శుక్రవారం 44లో బోస్టన్ కాలేజీ నుంచి డోనోవన్ ఎజెరువాకు వచ్చాడు. 16.5 శాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) చేసి తన కాన్ఫరెన్స్‌లో (కాలేజీ జట్ల కూటమి) ఉత్తమ డిఫెన్స్ ఆటగాడైనవాడు. ఇందులో ఎవరికీ పేచీ లేదు. 76లో కార్నర్‌బ్యాక్ (ఎదుటి రిసీవర్లకు కాపలా కాసేవాడు) షెవాన్ రెవెల్. మోకాలి లిగమెంటు తెగి కోలుకుంటున్న కుర్రాణ్ణి మూడో రౌండులో తీసుకోవడం తెలివా, తొందరా అని మన ఆర్థోపెడిక్ డాక్టర్లు ఇద్దరూ చెరో వైపు నిలబడ్డారు. శనివారం ఐదో రౌండులో టెక్సస్ కుర్రాడు జేడన్ బ్లూ వచ్చేసరికి ఆస్టిన్ తల్లిదండ్రులు శాంతించారు.

మే నెలలో వచ్చే ఏడాది మూడో రౌండు పిక్ ప్రధానంగా ఇచ్చి స్టీలర్స్ నుంచి రిసీవర్ జార్జ్ పికెన్స్‌ని తెచ్చుకున్నారు. "మేం చెప్పిందే జరిగింది" అని రిసీవర్ పక్షం, "ఇంకో దారి ఉందని మేం ముందే అన్నాం" అని లైన్ పక్షం, ఇద్దరూ గ్రూపులో స్వీట్ల బొమ్మలు పంచుకున్నారు. నాకు మటుకు లైన్ పక్షానిదే న్యాయంగా కనిపిస్తోంది. ఇది కార్యదర్శి సొంత అభిప్రాయం, కార్యవర్గానికి సంబంధం లేదు.

ఇప్పుడు ఫిర్యాదు. చర్చకి కుర్చీలన్నీ నిండాయి, వెనక నిలబడినవాళ్లూ ఉన్నారు. అంతకుముందు వారం వాలంటీర్లు కావాలని అడిగితే గ్రూపులో బొటనవేళ్లు వరసగా లేచాయి. ఆ రోజు ఉదయం వచ్చింది కార్యవర్గం, ఇద్దరు కాలేజీ పిల్లలు, పాపం ఆ తెనాలి పెద్దాయన. ఆయన బల్లలు మోశారని తెలిసి ఆయన కోడలు నన్ను నాలుగు చీవాట్లు పెట్టింది. పార్సన్స్ కాంట్రాక్టు గురించి అర్ధరాత్రి రెండింటికి పేరాలు పేరాలు టైపు చేసేవాళ్లకి ఉదయం తొమ్మిదింటికి ఒక బల్ల అవతలి కొస పట్టుకోవడం కుదరదా? పిల్లల ఫ్లాగ్ ఫుట్‌బాల్ కూడా అంతే. కోచ్‌గా వస్తామన్నవాళ్లలో ఒకాయనే చివరిదాకా నిలబడ్డారు. మైదానం కోసం పార్కుల ఆఫీసుకి పెట్టిన దరఖాస్తుకి ఇప్పటికీ జవాబు లేదు. ఫోన్ చేస్తే సంబంధిత అధికారి సెలవులో ఉన్నారంటారు. ఆయన సెలవు మన సీజన్ కంటే పొడుగ్గా ఉంది.

కృతజ్ఞతలు. ప్రొజెక్టర్ ఇచ్చినవారికి, అది పనిచేయనప్పుడు తన టీవీని కారులో వేసుకొచ్చినవారికి, ఆటగాళ్ల పేర్లు తెలుగులో ముచ్చటగా రాసిన తొమ్మిదో తరగతి అమ్మాయికి, పులిహోర, మిర్చి బజ్జీ బృందానికి, గంట కొట్టే బాధ్యత తీసుకుని సొంత బావగారి మైకు కూడా లాగేసుకున్న సమయపాలకుడికి, రెండో నియమం పెట్టిన ఉపాధ్యక్షురాలికి, నర్సమ్మగారికి, ఈ జట్టుని ప్రేమించకపోయినా మనల్ని భరిస్తున్న భార్యలకు, భర్తలకు.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంపారు. ఆడిటర్ గారు సంతకం చేశారు. మిగులు కొంచెం తగ్గింది, కారణం హాలు డిపాజిట్‌లో కొంత తిరిగి రాకపోవడం. కార్పెట్ మీద పులిహోర పసుపు మరక పోలేదట. ప్రశ్నలుంటే ఆయన్నే అడగండి.

ఆగస్టు 1న మైకా పార్సన్స్ తనను ట్రేడ్ చేయమని బహిరంగంగా అడిగినప్పటి నుంచి గ్రూపు నిద్రపోవడం లేదు. ఆ అంశం ఎజెండాలో లేదు. "అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు" కింద పదిహేను నిమిషాలు ఇచ్చాం, గంట ఉంటుంది. 2026 డ్రాఫ్ట్ ఏప్రిల్‌లో పిట్స్‌బర్గ్‌లో జరుగుతుంది. మన చర్చకి హాలు జనవరిలోనే బుక్ చేయాలి, వేరే హాలు అయితే మంచిదని కార్యవర్గం సిఫార్సు.

సహాయ కార్యదర్శి పదవి ఖాళీగా ఉంది. వాలంటీర్ల కాగితం భోజనాలకు ముందే తిరుగుతుంది, ఈసారి బొటనవేళ్లు చెల్లవు, సంతకం కావాలి. డ్రాఫ్ట్ బోర్డు ఏప్రిల్ నుంచి మా గరాజ్‌లో ఉంది, దాని వల్ల మా కారు ఎండలో ఉంటోంది. వచ్చే ఏడాదికి అది ఎవరింట్లో ఉండాలో ఈ సమావేశంలోనే తేల్చాలి.

ఇట్లు,
కార్యదర్శి