రాజును ముంచింది రాజభక్తులే

సంపాదకుడి గారికి,

మీ ఆదివారం సంచికలో వస్తున్న యూరప్ చరిత్ర వ్యాసాలు మొదటి నుంచీ చదువుతున్నాను, బాగానే ఉన్నాయి, కానీ పోయిన వారం ఫ్రాన్స్ గురించి వేసింది చూశాక రాయకుండా ఉండలేకపోయాను. వాటర్లూలో నెపోలియన్ ఓడిపోయాడు, బూర్బన్ రాజులు మళ్లీ గద్దెనెక్కారు, వాళ్లకి బుద్ధి రాలేదు, 1830లో జనం తరిమికొట్టారు. ఇంతేనా? పదిహేనేళ్లు నాలుగు వాక్యాల్లో చుట్టేశారు. పైగా రాజపక్షం వాళ్లందరినీ పాతకాలం మొండి మనుషులని ఒకే గాటన కట్టేశారు.

నన్నడిగితే ఆ పదిహేనేళ్లలో పార్లమెంటు సభ లోపల జరిగిన పెద్ద కొట్లాట రాజుకీ జనానికీ మధ్య కాదు, రాజపక్షంలోనే రెండు వర్గాల మధ్య. జనానికి ఓటెక్కడిది? ఏడాదికి 300 ఫ్రాంకుల ప్రత్యక్ష పన్ను కట్టే, ముప్పై ఏళ్లు నిండిన మగవాళ్లకే ఓటు. మూడు కోట్ల జనాభాలో ఓటర్లు సుమారు లక్ష. పోటీ చెయ్యాలంటే పన్ను 1,000 ఫ్రాంకులు, వయసు నలభై. ఆస్తిపరులు తప్ప ఇంకెవరూ లేని ఆ ఓటర్ల జాబితాతో కూడా రాజుగారి మంత్రులు మెజారిటీ పోగొట్టుకున్నారంటే అది ఎవరి ఘనకార్యమో చూడాలి కదా.

1815 ఆగస్టు ఎన్నికల్లో సభంతా అల్ట్రాలతో నిండిపోయింది. అంటే రాజును మించిన రాజభక్తులన్నమాట. వీళ్లకి పెద్దదిక్కు రాజు సొంత తమ్ముడు కౌంట్ ఆర్త్వా, తర్వాత పదో చార్లెస్ అయింది ఇతనే. అన్న పద్దెనిమిదో లూయీ 1814లో ఇచ్చిన చార్టర్, అంటే రాజ్యాంగం, పేరెత్తితేనే వీళ్లలో చాలామందికి మంట. మంత్రులేమో మితవాదులు, అంటే రాజపక్షంలోనే నడిమి దారి వాళ్లు. అప్పుడు ఈ అల్ట్రాలు ఏమన్నారో తెలుసా? సభలో మెజారిటీ ఎవరిదైతే మంత్రివర్గం వాళ్ల మాట వినాల్సిందే అన్నారు! అల్ట్రాల వైపున్న రచయిత షాతోబ్రియాన్ 1816లో ఇదే వాదన అచ్చేయించి, రాజు ఆ సభను రద్దు చేసినందుకు దెప్పిపొడిచేసరికి, రాజుకి కోపమొచ్చి అతని హోదా, దాంతో వచ్చే భత్యం రెండూ పీకేశాడు. ఇటు మితవాది రోయె-కొల్లార్ సరిగ్గా దానికి ఎదురు వాదించాడు. సభ మెజారిటీ మీదే ప్రభుత్వం నిలబడే రోజొస్తే ఇక రాచరికం లేనట్టే అన్నాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

మంత్రుల్లో నాకు బాగా నచ్చిన మనిషి డ్యూక్ రిషెల్యూ. విప్లవకాలంలో రష్యా వెళ్లి, జార్ కొలువులో ఒడెస్సాకి గవర్నరుగా పనిచేసి వచ్చినవాడు. 1815లో పదవి తీసుకునేసరికి దేశంలో లక్షన్నర విదేశీ సైన్యం, నెత్తిన 70 కోట్ల ఫ్రాంకుల పరిహారం. సైన్యం ఐదేళ్లు ఉండాలని ఒప్పందమైతే మూడేళ్లకే 1818లో పంపించేశాడు. దిగిపోయాక పార్లమెంటు ఏడాదికి 50,000 ఫ్రాంకుల బహుమానం మంజూరు చేస్తే అది బోర్డో ధర్మాసుపత్రులకి ఇచ్చేశాడు. ఇలాంటివాణ్ణి కూడా అల్ట్రాలు పదవిలో నిలవనివ్వలేదు. 1820 ఫిబ్రవరి 13 రాత్రి ఒపెరా బయట ఆర్త్వా కొడుకు డ్యూక్ బెర్రీని ఒకడు పొడిచి చంపాడు. మర్నాడే సభలో ఒక అల్ట్రా సభ్యుడు లేచి, అప్పటి ప్రధాని దెకాజ్‌కి ఈ హత్యలో చెయ్యి ఉందనేశాడు. రుజువు? ఏమీ లేదు. దెకాజ్ పదవి ఊడింది. మళ్లీ రిషెల్యూని బతిమాలుకున్నారు, నీకు అండగా ఉంటానని ఆర్త్వా స్వయంగా మాటిచ్చాడు. రెండేళ్లు తిరక్కముందే, 1821 డిసెంబరులో, ఆ ఆర్త్వా మనుషులే అతన్ని దించేశారు.

తర్వాత వచ్చిన విల్లేల్ ఆరేళ్లు నిలబడ్డాడు. ఒకప్పుడు నౌకాదళంలో పనిచేసి, హిందూ మహాసముద్రంలోని బూర్బన్ దీవిలో తోటలు సంపాదించి, అక్కడే పెళ్లి చేసుకున్న మనిషి. లెక్కల్లో దిట్ట, బడ్జెట్‌ని ఒక దారిలో పెట్టాడు. (1826 నుంచి 1828 వరకు పుదుచ్చేరిలో గవర్నరుగా ఉన్న దెబాసాన్ ద రిష్మోన్ ఇతని భార్య తరఫు బంధువు. అంటే మాకు పక్కనే ఉన్న యానాం కూడా ఆ చుట్టంగారి ఏలుబడిలోదే. పదవుల పందేరం ఎక్కడైనా ఒకటే!) విప్లవంలో భూములు పోగొట్టుకున్న దొరలకి 1825లో దాదాపు వంద కోట్ల ఫ్రాంకుల విలువైన బాండ్లు ఇప్పించినందుకు అందరూ ఇతన్ని తిడతారు. నేను తిట్టను. ఆ భూములు కొనుక్కున్న రైతులకి, వ్యాపారులకి దాంతో టెన్షన్ పోయింది, ఇక వాటి జోలికి ఎవరూ రారని. కానీ అదే ఏడాది గుడిలో పవిత్ర వస్తువుల్ని అపవిత్రం చేస్తే మరణశిక్ష అనే చట్టం తేవడం, ఆ తర్వాత పెద్దకొడుక్కి ఆస్తిలో ఎక్కువ వాటా అనే బిల్లు పెట్టి ప్రభువుల సభలోనే చీవాట్లు తినడం మాత్రం కొరివితో తల గోక్కోవడమే. షాతోబ్రియాన్‌ని 1824లో విదేశాంగ మంత్రి పదవి నుంచి ఒక్క కాగితంతో గెంటేశాడు, దాంతో ఆయన తిన్నగా ప్రతిపక్ష పత్రికకి వెళ్లి ఏళ్ల తరబడి విల్లేల్‌ని ఉతికి ఆరేశాడు.

1827 ఏప్రిల్ 29న ఇంకో చిత్రం జరిగింది. అప్పటికి రాజైన పదో చార్లెస్ నేషనల్ గార్డ్, అంటే పారిస్ పౌరుల సాయుధ దళం, కవాతు చూడ్డానికి వెళ్లాడు. తిరిగొస్తూ గార్డులు విల్లేల్ ఉండే ఆర్థిక శాఖ కిటికీల కింద నిలబడి విల్లేల్ దిగిపోవాలని అరిచారు. ఆ రాత్రికి రాత్రే గార్డ్‌ని రద్దు చేశారు, తుపాకులు మాత్రం వాళ్ల దగ్గరే ఉంచేశారు. ఆ తుపాకులే 1830 జూలైలో బయటికొచ్చాయి.

విల్లేల్ పోయాక మార్తిన్యాక్ వచ్చాడు, మంచి వక్త, ఏడాదిన్నర దాటగానే సాగనంపారు. 1829 ఆగస్టులో పదో చార్లెస్ తన మనసుకి నచ్చిన మంత్రివర్గం వేసుకున్నాడు. చార్టర్ మీద ప్రమాణం చెయ్యడానికి మొదట్లో మొరాయించిన పోలిన్యాక్, వాటర్లూకి మూడు రోజుల ముందు నెపోలియన్ సైన్యం వదిలి పారిపోయిన బూర్మోన్, 1815లో శిక్షలు చాలవని గోల చేసిన లా బూర్దొన్నే. జనానికి చిర్రెత్తించాలని ఏరికోరి పెట్టినా ఇంత బాగా కుదరదు. 1830 మార్చిలో సభ 181కి వ్యతిరేకంగా 221 ఓట్లతో ఈ మంత్రివర్గం మీద మాకు నమ్మకం లేదని రాజుకి విన్నపం పంపింది. అది తీసుకెళ్లి రాజు ఎదుట చదివింది ఎవరు? సభాధ్యక్షుడు రోయె-కొల్లార్! 1816లో తాను వద్దన్నదాన్నే పద్నాలుగేళ్ల తర్వాత తన నోటితోనే అడిగాడు. అప్పట్లో మెజారిటీ మాట వినాలన్న అల్ట్రాలేమో ఇప్పుడు మంత్రులు రాజు ఇష్టం అంటున్నారు. ఇరుపక్షాలూ సిద్ధాంతాలు మార్చేసుకున్నాయి, అయినా పార్లమెంటుకి జవాబు చెప్పే మంత్రివర్గం అనేది ఫ్రాన్స్‌లో వేళ్లూనుకుంది ఈ అవకాశవాదం వల్లే. మీ వ్యాసంలో లేనిది ఇదే.

రాజు సభను రద్దు చేస్తే ప్రతిపక్షం 270 పైచిలుకు సీట్లతో తిరిగొచ్చింది. జూలై 25న నాలుగు ఆర్డినెన్సులు: పత్రికల నోరు మూశారు, ఇంకా సమావేశమే కాని కొత్త సభను రద్దు చేశారు, ఓటు హక్కు ఇంకా కుదించారు, కొత్త ఎన్నికల తేదీ ఇచ్చారు. మర్నాడు అవి గెజెట్‌లో వస్తుంటే రాజుగారు రాంబుయ్యేలో వేటకి వెళ్లారు. సైన్యంలో మంచి భాగం అల్జీర్స్‌లో ఉంది, యుద్ధమంత్రి కూడా అక్కడే. 27, 28, 29 తేదీల్లో పారిస్ జనం ఎలా తిరగబడ్డారో మీరే రాశారు కాబట్టి వదిలేస్తున్నాను.

డిసెంబరులో పోలిన్యాక్‌నీ, మరో ముగ్గురు మంత్రుల్నీ ప్రభువుల సభ విచారించింది. తలలు తీసేయాలని బయట జనం కేకలు పెడుతుంటే లోపల పోలిన్యాక్ తరఫున వాదించింది మార్తిన్యాక్, ఎవరి కుర్చీ పోలిన్యాక్ లాక్కున్నాడో ఆయనే. నలుగురికీ ప్రాణాలు దక్కాయి, హామ్ కోటలో జైలుకి పంపారు. ఈ ఒక్క విచారణ మీద అయినా ఒక పేజీ వెయ్యండి, రాజపక్షం మనుషులందరూ ఒకటేనన్న మాట మీరే వెనక్కి తీసుకుంటారు. వచ్చే వారం 1848లోకి వెళ్తున్నట్టు ప్రకటించారు. దానికి ముందు ఒక వారం ఆగితే మంచిది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కాకినాడ