ఎక్కే తావు చూసుకున్నారా?

సంపాదకుల వారికి,

విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలోని చింతపల్లి తీరంలో సెలవు రోజుల్లో స్కూబా సామగ్రి (నీటి అడుగున ఊపిరి పీల్చుకునే గాలి సిలిండరు వగైరా) తగిలించుకుని ఒడ్డు నుంచే సముద్రంలోకి దిగుతున్న మిత్రబృందాలు అప్పుడప్పుడూ కనిపిస్తున్నాయి. పడవలో వెళ్లి నీళ్లలోకి దూకడం వేరు, రాళ్ల మధ్యగా నడిచి వెళ్లి దిగడం వేరు. ఈ తేడా తెలియక పోయిన ఫిబ్రవరిలో మేము పడిన పాట్లు ఇతరులు పడకూడదని ఈ లేఖ రాస్తున్నాను.

మేము నలుగురము వెళ్లాము. నలుగురికీ శిక్షణ ధ్రువపత్రాలు ఉన్నాయి కానీ ఆ రాళ్లు మాత్రం నలుగురికీ కొత్త. ఉదయం ఏడు గంటలకు గట్టు మీద నుంచి చూస్తే రెండు రాతి వరసల నడుమ నాలుగు బారల వెడల్పున ఒక సందు కనిపించింది. దానికి ఇరుపక్కలా కెరటాలు విరిగి నురగ లేస్తుంటే, సందులోని నీరు మాత్రం నూనె పోసినట్టు నునుపుగా ఉంది. అక్కడ వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకరు మమ్మల్ని ఎగాదిగా చూసి, ‘దిగిన కాడే ఎక్కేస్తామనుకోకండి బాబూ, ఎక్కే తావు చూసుకున్నారా?’ అని అడిగారు. మేము నవ్వి తలూపి ముందుకు సాగాము.

దిగడం నిజంగానే తేలికైంది. పాదాలకు ఫిన్లు (ఈత రెక్కలు) తొడుక్కొని నాలుగుసార్లు కాళ్లాడించామో లేదో, నీరే మమ్మల్ని లోపలికి తీసుకుపోయింది. అది మా ఈత ప్రతాపం కాదని తిరిగి వచ్చేటప్పుడు గాని తెలియలేదు. కెరటాలు రాళ్ల మీదుగా ఒడ్డుకు ఎగదోసిన నీరు వెనక్కి పోవడానికి లోతైన దారి వెతుక్కుంటుంది. అక్కడ లోతు ఎక్కువ కనుక అల విరగదు, అల విరగదు కనుక పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. మేము ఏరికోరి ఎంచుకున్నది సరిగ్గా అటువంటి దారినే.

వానాకాలంలో చంపావతి నది కోనాడ వద్ద తెచ్చి కలిపే బురద నీరు ఆ రోజుల్లో ఉండదు కాబట్టి లోపల చూపు ఐదారు మీటర్ల దాకా ఆనింది. ఒక రాతికి తెగిన నైలాన్ వల ముక్క చుట్టుకొని ఉంది. అందులో చిక్కిన పీత ఒకటి ఒంటి డెక్కతో రాతిని పట్టుకొని వేలాడుతోంది. దాన్ని విడిపించడంలో మాకు కాలం తెలియలేదు.

గాలి లెక్క ఇక్కడ చెప్పాలి. 200 బార్ల పీడనంతో నింపిన 11 లీటర్ల సిలిండరులో సుమారు 2,200 లీటర్ల గాలి ఉంటుంది. నీటిపైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి, 10 మీటర్ల లోతున పీడనం రెట్టింపు కావడం వల్ల 40 లీటర్లు వాడుకుంటాడు. కాగితం మీద అది 55 నిమిషాలకు సరిపోతుంది గానీ, ఎదురునీటిలో ఆయాసపడే మనిషికి ఆ లెక్క వర్తించదు. తిరుగు దారిలో ఆ సందు మొదట్లో అయిదు నిమిషాలు గట్టిగా కాళ్లాడించి కిందికి చూస్తే, ఇందాక చూసిన రాయే ఇంకా మా కింద ఉంది. అప్పటికి ఒక మిత్రుడి సిలిండరు మీటరు 50 బార్లు చూపిస్తోంది.

ఆ ప్రయత్నం మాని నెమ్మదిగా పైకి వచ్చి, తేలడానికి జాకెట్లలో గాలి నింపుకొని, ఒడ్డుకు సమాంతరంగా ఇసుక ఉన్న వైపు ఈదుకుంటూ పోయాము. ఒకరు మాత్రం ఓపిక పట్టలేక రాళ్ల మీదికే ఎక్కబోయారు. మేము దిగేటప్పుడు నీటిలో మునిగి ఉన్న అంచు, పాటు మొదలై జానెడు నీరు తగ్గేసరికి పదునైన గుల్లలతో బయటపడింది. ఒక్క కెరటం ఆయనను దాని మీదికి విసిరింది. అరచేయి, మోకాలు చీరుకుపోయాయి. మిగిలిన ముగ్గురము గాలి అందించే రెగ్యులేటరు నోటి నుంచి, మాస్కు ముఖం నుంచి తీయకుండా, నిలబడే సాహసం చేయకుండా ఇసుక మీదికి పాకాము. ఆ అవతారం చూసి పిల్లలు నవ్వారు, నవ్వనీయండి.

సముద్రంలో దాగిన రాళ్ల గురించి ఓడలను హెచ్చరించడానికి చింతపల్లిలో దీపస్తంభం ఉంది. ఒడ్డు నుంచి దిగేవారికి మాత్రం ఏ హెచ్చరికా లేదు. మన తీరాల్లో సాధారణంగా కనిపించే ‘ఇక్కడ స్నానం ప్రమాదకరం’ అన్న బోర్డు ప్రమాదం ఏ సందులో ఉందో చెప్పదు. నిషేధం పెట్టమని నేను కోరను, పెడితే కుర్రాళ్లు పక్క ఊరి రాళ్లకు పోతారు. స్థానిక మత్స్యకారులను అడిగి, నీరు వెనక్కి లాగే సందులను, సురక్షితంగా ఒడ్డెక్కగల ఇసుక చోట్లను గుర్తించి, ఆ పటాన్ని పెద్ద అక్షరాలతో తీరంలో నిలబెట్టాలని పర్యాటక శాఖను కోరుతున్నాను. ఆ సమాచారం ఇచ్చిన మత్స్యకారులకు తగిన ప్రతిఫలం కూడా ఇవ్వాలి.

కెరటాల ఎత్తుపై హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రమైన ఇన్‌కాయిస్ సంస్థ ముందస్తు సూచనలు వెలువరిస్తూనే ఉంది. వాటితో పాటు ఆటుపోట్ల వేళలను కూడా శనివారం నాటి జిల్లా పేజీలో ప్రచురించే విషయాన్ని మీరు పరిశీలించగలరని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయనగరం